చెయ్యెత్తని పిల్లలు, పాఠం ఆపని ప్రొఫెసర్

కోర్టు తీర్పుల్ని సాహిత్యంలా చదవొచ్చా అని అడిగితే, అన్నిటినీ చదవలేం, కొన్నిటిని మాత్రం అలా చదవకపోతే అర్థం కావు అంటాను. 1943 జూన్ 14న అమెరికా సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఇచ్చిన డిసెంట్ అలాంటిది. మెజారిటీతో ఒప్పుకోని జడ్జి విడిగా రాసే తీర్పుని డిసెంట్ అంటారు. దాన్ని ఆయన చట్టంతోనో పాత కేసులతోనో మొదలుపెట్టలేదు, తన పుట్టుకతో మొదలుపెట్టాడు. చరిత్రలో అందరికన్నా ఎక్కువ తిట్లూ వేధింపులూ పడిన మైనారిటీకి చెందినవాణ్ణి నేను, స్వేచ్ఛ విలువ నాకు తెలియకుండా ఎలా ఉంటుంది అన్న అర్థం వచ్చే మాటతో. ఆయన యూదుడు. అప్పటికి యూరప్‌లో యూదులకి ఏం జరుగుతోందో అమెరికాలో చాలామందికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ వాక్యం తర్వాత ఆయన తేల్చింది మాత్రం ఇదీ: జెండాకి సెల్యూట్ చెయ్యని పిల్లల్ని బడి నుంచి గెంటేస్తే కోర్టు అడ్డుపడకూడదు.

ఈ డిసెంట్‌ని నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కోపం వస్తుంది, కోపంతో పాటు ఒక రకమైన గౌరవమూ వస్తుంది. ఆ రెండో భావం ఎందుకొస్తుందో తేల్చుకోవాలనే ఈ వ్యాసం.

కథ 1935లో, పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే గనుల ఊళ్ళో మొదలవుతుంది. లిలియన్‌కి పన్నెండేళ్ళు, తమ్ముడు విలియమ్‌కి పదేళ్ళు. యెహోవా సాక్షుల కుటుంబం వాళ్ళది. బొమ్మలకీ చిహ్నాలకీ మొక్కకూడదన్న బైబిల్ ఆజ్ఞ జెండాకీ వర్తిస్తుందని వాళ్ళ నమ్మకం. సెల్యూట్ చెయ్యలేదు కాబట్టి బడి నుంచి తీసేశారు. అప్పట్లో ఆ సెల్యూట్ ఎలా ఉండేదో కూడా చెప్పాలి: కుడిచెయ్యి ముందుకి చాపి పైకెత్తడం. హిట్లర్ సెల్యూట్‌కీ దానికీ పెద్ద తేడా కనపడేది కాదు. ఆ ఇబ్బంది వల్లే 1942 డిసెంబరులో దాన్ని గుండె మీద చెయ్యి పెట్టుకోవడంగా మార్చారు.

(ఆ కుటుంబం అసలు ఇంటిపేరు గోబైటస్. కోర్టు రికార్డులో ఎవరో తప్పుగా టైప్ చెయ్యడంతో చరిత్రలో 'గోబైటిస్' అయిపోయింది. మూడేళ్ళ తర్వాత వచ్చిన కేసులోనూ అంతే, బార్నెట్ అన్న పేరు చివర ఒక అక్షరం ఎక్కువ పడింది. తప్పు స్పెల్లింగుతో పెట్టిన వేరియబుల్ పేరు ఎంత పాతబడితే మార్చడం అంత కష్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు.)

కింది కోర్టులు రెండూ పిల్లల వైపే నిలబడ్డాయి. సుప్రీంకోర్టు 1940 జూన్ 3న 8-1తో వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రాసింది ఫ్రాంక్‌ఫర్టర్. ఒప్పుకోని ఆ ఒక్కడు హార్లన్ స్టోన్. తేదీ గమనించాలి. డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ఆఖరి పడవలెక్కుతున్న రోజులవి, పారిస్ పడిపోబోతోంది. ఆ భయం తీర్పులో ప్రతి పేరాలోనూ ఉంది, ఎక్కడా పేరు పెట్టి చెప్పకపోయినా.

ఆ తీర్పు ఎలా మొదలవుతుందో చూడండి. మొదటి వాక్యంలో ఉన్నది పిల్లలు కాదు, కోర్టు. స్వేచ్ఛకీ అధికారానికీ మధ్య తగువు తీర్చాల్సి వచ్చినప్పుడు కోర్టు నెత్తిన పడే బరువు ఎంతటిదో ముందు చెప్తాడు. పిల్లలు రెండో పేరాలో వస్తారు, పేర్లతో, వయసులతో. అక్కణ్ణించి మెల్లగా కరిగిపోతారు. జాతీయ ఐక్యత వస్తుంది, ఐక్యతకి చిహ్నాలెందుకు కావాలో వస్తుంది, స్కూల్ బోర్డులకి ఏం తెలుసు, జడ్జిలకి ఏం తెలియదు అన్నది వస్తుంది. ఇవేవీ తెలివితక్కువ మాటలు కావు. నిజానికి చాలా అందంగా రాసిన మాటలు. ఆ అందమే నన్ను ఇబ్బంది పెడుతుంది. ఒక మంచి ప్రొఫెసర్ క్లాసులో ఒక కేసు తీసుకుని, దాన్లోంచి సిద్ధాంతం పిండి, కేసుని పక్కన పడేస్తాడు. క్లాసులో అది తప్పు కాదు, పక్కన పడ్డవాళ్ళు కాగితం మీద మనుషులు. కోర్టులో వాళ్ళు మర్నాడు పొద్దున లేచి ఏ బడికి పోవాలో తెలియని పిల్లలు.

తీర్పు వచ్చిన కొద్దిరోజులకే దేశంలో చాలా చోట్ల యెహోవా సాక్షుల మీద దాడులు మొదలయ్యాయి. మెయిన్ రాష్ట్రంలోని కెనెబంక్‌లో వాళ్ళ ప్రార్థనామందిరం తగలబెట్టారు.

మరి ఈయనెవరు? ఇక్కడే చిక్కు. 1882లో వియన్నాలో పుట్టాడు. 1894లో కుటుంబంతో న్యూయార్క్ వచ్చేటప్పటికి ఒక్క ఇంగ్లిష్ ముక్క రాదు. పన్నెండేళ్ళ తర్వాత హార్వర్డ్ లా స్కూల్లో క్లాసుకి ఫస్టు. 1914 నుంచి అక్కడే ప్రొఫెసర్, పాతికేళ్ళ పాటు. 1920లో పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ పుట్టినప్పుడు దాన్లో ఉన్నాడు. ఇద్దరు ఇటాలియన్ వలస కార్మికులు, అరాచకవాదులు, సాకో, వాంజెట్టీలకి హత్యకేసులో మరణశిక్ష పడితే, విచారణ ఎంత అన్యాయంగా జరిగిందో 1927లో అట్లాంటిక్ మంత్లీలో పూసగుచ్చినట్టు రాశాడు. హార్వర్డ్ పెద్దలకీ, విరాళాలిచ్చే పూర్వవిద్యార్థులకీ మండిపోయింది. ఆయన వెనక్కి తగ్గలేదు, వాళ్ళిద్దరూ ఉరి బదులు కరెంటు కుర్చీలో చనిపోయారు. 1939లో రూజ్‌వెల్ట్ ఆయన పేరు సుప్రీంకోర్టుకి ప్రతిపాదిస్తే, సెనేట్ కమిటీ పిలిచి నువ్వు కమ్యూనిస్టువా అన్నట్టు అడిగింది. అలాంటివాడు కోర్టులోకి వచ్చిన మరుసటేడే గోబైటిస్ రాశాడు.

మామూలుగా చెప్పే సమాధానం 'కుర్చీ ఎక్కాక మారిపోయాడు' అని. మన రాజకీయాలు చూసీ చూసీ ఈ సమాధానం మనకి వెంటనే నచ్చేస్తుంది. బ్రాడ్ స్నైడర్ 2022లో రాసిన పెద్ద జీవితచరిత్ర 'డెమోక్రటిక్ జస్టిస్' దీన్ని ఒప్పుకోదు. ఆయన మారలేదు, మొదటి నుంచీ ఒకటే నమ్మాడు, ప్రజలు ఎన్నుకున్నవాళ్ళు చేసిన చట్టాల్ని జడ్జిలు అంత తేలిగ్గా కొట్టెయ్యకూడదని. మారింది ఆయన చుట్టూ ఉన్న ఉదారవాదులు అంటాడు స్నైడర్. ఇది బలమైన వాదన. ఎందుకు బలమైనదో అర్థం కావాలంటే ఆయన యవ్వనంలో జడ్జిలు ఏం చేసేవారో చూడాలి. బేకరీ కార్మికులతో రోజుకి పదిగంటలకన్నా ఎక్కువ పని చేయించకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాంట్రాక్టు స్వేచ్ఛ పేరుతో. పిల్లల్ని ఫ్యాక్టరీల్లో పెట్టుకోకుండా చేసిన ఫెడరల్ చట్టాన్ని 1918లో కొట్టేసింది. వాషింగ్టన్‌లో ఆడవాళ్ళకి కనీస వేతనం చట్టాన్ని కాపాడటానికి ఫ్రాంక్‌ఫర్టరే స్వయంగా వాదించాడు. 1923లో 5-3తో ఓడిపోయాడు. వీటిలో మొదటిదీ చివరిదీ 'డ్యూ ప్రాసెస్' అనే రెండు మాటల చలవ. ఆ మాటల్లో జడ్జిలు తమకి నచ్చిన ఆర్థికశాస్త్రం దూర్చేశారు.

కాబట్టి 'స్వేచ్ఛ' అన్న మాట జడ్జి నోట వింటే ఆయనకి గుర్తొచ్చేది మైనర్స్‌విల్ పిల్లలు కాదు, బేకరీ యజమాని. ఇది మనకి తెలియని సంగతేం కాదు. 1951లో బీహార్ జమీందారీ రద్దు చట్టాన్ని పట్నా హైకోర్టు కొట్టేస్తే, నెహ్రూ ప్రభుత్వం ఆ ఏడే మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి తొమ్మిదో షెడ్యూల్ పెట్టాల్సొచ్చింది. భూమి పంచబోతే హక్కులు అడ్డొచ్చాయి. జడ్జిలంటే అనుమానం అప్పుడు ఇక్కడి ప్రగతివాదులందరికీ ఉంది.

ఇంతవరకూ నేను స్నైడర్‌తోనే ఉన్నాను. కానీ ఒక చట్టం యజమాని లాభం తగ్గిస్తుంది, ఇంకోటి పిల్ల నోరు తెరిపించి తను నమ్మని మాట పలికిస్తుంది. రెండిటికీ ఒకే ఫంక్షన్ రాసి, ఇన్‌పుట్ ఏదైనా ఒకే జవాబు ఇస్తానంటే అది నిలకడ కాదు, టెస్టింగ్ చెయ్యకపోవడం. ఈ తేడా ఆయనకి తట్టలేదా అంటే, పక్క కుర్చీలోనే స్టోన్ ఉన్నాడు. 1938లోనే స్టోన్ ఒక తీర్పులో ఫుట్‌నోట్ రాశాడు: ఆర్థిక చట్టాల్ని వదిలేద్దాం గానీ, ఓట్లతో తమని తాము కాపాడుకోలేని చిన్న గుంపుల మీద గురిపెట్టిన చట్టాల్ని కోర్టు ఇంకాస్త గట్టిగా చూడాలని. రాజ్యాంగ చరిత్రలో ఇంత పేరున్న ఫుట్‌నోట్ ఇంకోటి లేదు. గోబైటిస్‌లో ఒంటరిగా నిలబడింది ఆ స్టోనే. ఫ్రాంక్‌ఫర్టర్ పిల్లలకిచ్చిన సలహా ఏంటంటే, కోర్టుకి రాకండి, చట్టసభల్లో, ప్రజల మధ్య పోరాడి గెలవండి అని. ఊరంతా వెలేసిన పిల్లలకి ఆ ఊరి ఓట్లతోనే గెలవమని చెప్పడం!

ఆ తీర్పు చూసుకుని 1942 జనవరిలో వెస్ట్ వర్జీనియా విద్యాబోర్డు సెల్యూట్‌ని తప్పనిసరి చేసింది. ఆ తీర్మానంలో పీఠికంతా చాలావరకు ఫ్రాంక్‌ఫర్టర్ వాక్యాలే. రచయితగా దీనికన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? ఐక్యత గురించి ఆలోచించి ఆలోచించి రాసుకున్న వాక్యాల్ని ఒక గుమాస్తా ఎత్తి రూల్‌బుక్‌లో అతికించాడు. బడికి రాని పిల్లల్ని నేరస్థ బాలల సంస్కరణాలయానికి పంపిస్తామని బెదిరించారు, తల్లిదండ్రుల మీద కేసులు పెట్టారు. అందులోంచే బార్నెట్ కేసు పుట్టింది. గోబైటిస్‌లో ఆయనతో కలిసిన బ్లాక్, డగ్లస్, మర్ఫీ ఈలోగా తప్పు జరిగిందని బహిరంగంగా చెప్పేశారు. కొత్త జడ్జిలు ఇద్దరూ, స్టోనూ కలిసి 6-3. మెజారిటీ తీర్పు రాబర్ట్ జాక్సన్ రాశాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవమని అందరికీ చెప్తాను. జాక్సన్‌కి లా డిగ్రీ లేదు. ఒక ఏడాది లా స్కూలు, మిగతాదంతా చిన్న ఊళ్ళో లాయరు దగ్గర నేర్చుకున్నదే. బహుశా అందుకేనేమో ఆయన వాక్యాలు నేరుగా నడుస్తాయి. కొన్ని సంగతుల్ని ఓటింగుకి పెట్టకూడదనే కదా హక్కుల పత్రం రాసుకున్నాం అంటాడు. బలవంతంగా ఒకే అభిప్రాయం మీదకి అందర్నీ తెచ్చే పని చివరికి శ్మశానంలోనే పూర్తవుతుందని చెప్తాడు. జ్యూరీ ముందు నిలబడి మాట్లాడినవాడి భాష అది. ఫ్రాంక్‌ఫర్టర్ డిసెంట్ దానికన్నా పొడుగు, దానికన్నా పాండిత్యం ఎక్కువ, పాత కేసుల జాబితా పెద్దది. ఎవరికో అప్పజెప్తున్నట్టుంటుంది. తోటి జడ్జిలు ఆయన గురించి చేసే ఫిర్యాదూ అదే, చర్చకి కూర్చుంటే క్లాసు పీకుతాడని. లాయర్లు నిలబడితే స్టూడెంట్లని అడిగినట్టు అడిగేవాడట.

అయితే మొదటి పేరా మాత్రం అప్పజెప్పింది కాదు. మరీ వ్యక్తిగతంగా ఉంది, తీసెయ్యమని తోటి జడ్జిలు చెప్పారు. తియ్యలేదు. జడ్జి తన పుట్టుకనీ మతాన్నీ ఇష్టాయిష్టాల్నీ పక్కన పెట్టి తీర్పు చెప్పాలన్నది ఆ డిసెంట్ మొత్తం వాదన. ఆ వాదన చెప్పడానికి ఆయన వాడుకున్నది తన పుట్టుకనే! నా సొంత అభిప్రాయమే లెక్కయితే పిల్లల వైపే ఉండేవాణ్ణి అని కూడా ఒప్పుకుంటాడు. ఒక మనిషి తన గుండెకాయ తీసి బల్ల మీద పెట్టి, ఇది ఈ కేసుకి సంబంధం లేని ఎగ్జిబిట్ అన్నట్టుంటుంది. నాకు గౌరవం కలిగేది ఇక్కడే. తప్పు తీర్పే, కానీ దొంగ తీర్పు కాదు.

పరాయి దేశం నుంచి వచ్చి, ఆ దేశపు భాషలో ఆ దేశస్తులకన్నా బాగా రాయడం నేర్చుకుని, దాని పై కోర్టులో కూర్చున్నవాడికి ఆ జెండా ఎలా కనిపిస్తుంది? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పౌరసత్వ ప్రమాణం చేసొచ్చిన మన తెలుగువాళ్ళని అడిగితే కొంత తెలుస్తుంది. అక్కడే పుట్టినవాడు జెండాని ఎగతాళి చెయ్యగలడు, వీళ్ళు చెయ్యలేరు. ఆయన కృతజ్ఞత నిజమైనది. ఆయనకి ఒక్క బడి దారి చూపించింది, బడే వలస పిల్లల్ని అమెరికన్లని చేస్తుందని నమ్మాడు. లిలియన్ ఆ బడి గుమ్మంలో నిలబడి వద్దంటుంటే ఆయనకి అర్థం కాకపోవడం నాకు అర్థమవుతుంది. అర్థమవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మిగతా కెరీర్‌ని త్వరగా దాటేస్తాను, సరళరేఖ కాదు కాబట్టి. 1944లో జపాన్ మూలాలున్న లక్షమందికి పైగా జనాన్ని ఇళ్ళ నుంచి తరిమేసిన ఉత్తర్వుని సమర్థించినవాళ్ళలో ఉన్నాడు. 1948లో సుప్రీంకోర్టు చరిత్రలో మొదటి నల్లజాతి లా క్లర్క్ విలియమ్ కోల్‌మన్‌ని తీసుకున్నది ఆయనే. 1960లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అనే అమ్మాయిని క్లర్క్‌గా తీసుకోమని హార్వర్డ్ నుంచి సిఫార్సు వస్తే ఆడపిల్ల అని తీసుకోనిదీ ఆయనే. ఆ అమ్మాయి తర్వాత లా ప్రొఫెసరై, అదే కోర్టులో ఇరవై ఏడేళ్ళు కూర్చుంది.

మనకి ఈయనతో అసలు లెక్క 1947లో మొదలవుతుంది. రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నర్సింగ్ రావు అమెరికా వెళ్ళి అక్కడి జడ్జిల్ని కలిశాడు. మన ముసాయిదాలో అప్పటికి 'డ్యూ ప్రాసెస్' ఉంది. ఆ మాట పెట్టుకోవద్దు, ప్రజాస్వామ్యానికి మంచిది కాదు, జడ్జిల మీదా మొయ్యలేని భారం అవుతుంది అని ఫ్రాంక్‌ఫర్టర్ చెప్పాడు. రావు ఆ మాట పట్టుకొచ్చాడు. ముసాయిదా కమిటీ దాని బదులు జపాన్ రాజ్యాంగంలోని 'చట్టం నిర్ణయించిన పద్ధతి' అన్న మాట పెట్టింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దాన్ని రాజ్యాంగ సభలో సమర్థించాడు. అదే మన 21వ అధికరణం. దాని ఫలితం వెంటనే 1950లో ఏకే గోపాలన్ కేసులో కనపడింది. విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టాన్ని ప్రశ్నిస్తే, పార్లమెంటు ఒక పద్ధతి రాసింది, ప్రభుత్వం ఆ పద్ధతి పాటించింది, ఆ పద్ధతి న్యాయమైనదా అని అడగడం మా పని కాదు అన్నారు మెజారిటీ జడ్జిలు.

మొత్తం నేరం ఫ్రాంక్‌ఫర్టర్ నెత్తిన వెయ్యడం అన్యాయం. నిర్బంధ చట్టాలు కావాలనుకున్న నాయకులు ఇక్కడా ఉన్నారు, దేశ విభజన హింస కళ్ళముందుంది, భూసంస్కరణల చింతా ఉంది. ఆయన ఇచ్చింది మనకి కావలసిన సాకుకి మంచి ఇంగ్లిష్ మాత్రమే. అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. మనల్ని వద్దన్న అయిదేళ్ళకి, 1952లో, మాదకద్రవ్యం మింగినవాడి కడుపులోకి గొట్టం దూర్చి పోలీసులు సాక్ష్యం కక్కించిన రోషిన్ కేసులో, ఇది మనస్సాక్షిని కుదిపేసే పని అని శిక్ష రద్దు చేస్తూ తీర్పు రాసింది ఫ్రాంక్‌ఫర్టరే. దేని ఆధారంగా? డ్యూ ప్రాసెస్. ఆయన చేతిలో ఆ ఆయుధం ఉంది, కాబట్టి వాడగలిగాడు.

మన దగ్గర ఆ ఖాళీని పూడ్చే పని డిసెంట్లతో మొదలైంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో రాజమండ్రి నుంచి వెళ్ళిన జస్టిస్ కోకా సుబ్బారావు, పోలీసు నిఘా నిబంధన మొత్తం చెల్లదని, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని రాశాడు. మెజారిటీ అంతదూరం రాలేదు. 1978లో మేనకా గాంధీ కేసుతో 'పద్ధతి' అంటే న్యాయమైన పద్ధతి అని స్థిరపడింది. 2017లో తొమ్మిదిమంది జడ్జిల బెంచి సుబ్బారావు మాటే సరైనదంది. వద్దని వదిలేసిన డ్యూ ప్రాసెస్ ముప్పై ఏళ్ళ తర్వాత పెరటి తలుపు గుండా వచ్చి కూర్చుంది.

జెండా కేసు కూడా మన దగ్గరికి వచ్చింది, జనగణమన రూపంలో. 1985లో కేరళలో ఇద్దరు అక్కచెల్లెళ్ళూ వాళ్ళ అన్నా, వాళ్ళూ యెహోవా సాక్షులే, అసెంబ్లీలో గౌరవంగా నిలబడతారు, పాడరు. ఒక ఎమ్మెల్యే చూశాడు, శాసనసభలో అడిగాడు. విచారణ కమిషన్ పిల్లలు బుద్ధిమంతులని రిపోర్టిచ్చింది. అయినా తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన తెలుగువాడు. అమెరికాలోని ఆ రెండు కేసుల్నీ ప్రస్తావించాడు, పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నాడు.

పుస్తకాల్లో ఈ తీర్పుని సహనం గురించిన ఆఖరి పేరా కోసం గుర్తుపెట్టుకుంటారు. నాకు మధ్యభాగం ఎక్కువ నచ్చుతుంది, పొడిగా ఉన్నా సరే. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది. దాన్ని అదుపు చెయ్యాలంటే చట్టం కావాలి. విద్యాశాఖ చూపిస్తున్నవి రెండు సర్క్యులర్లు, వాటికి చట్టం బలం లేదు. అంతే. ఫ్రాంక్‌ఫర్టర్ చూసుంటే ఈ పనితనానికి ముచ్చటపడేవాడు. చట్టసభని ఒక్క మాట అనకుండా, ఉపన్యాసం దంచకుండా, ఒక గుమాస్తా కాగితానికి ఎంత బరువుందో తూచి పక్కన పెట్టాడు. నిగ్రహం అంటే చేతులు కట్టుకోవడమే కానక్కర్లేదు.

2016 నవంబరు 30 తర్వాత ఏడాది పైచిలుకు సినిమా హాళ్ళలో జాతీయగీతం తప్పనిసరి అయినప్పుడు, హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో పాప్‌కార్న్ డబ్బా పట్టుకుని నిలబడ్డవాళ్ళం, పక్కవాడు నిలబడ్డాడా లేదా అని ఓరకంట చూసినవాళ్ళం మనమే. 2018 జనవరిలో కోర్టే దాన్ని సడలించింది. ఆ రోజుల్లోనే నేను చిన్నపరెడ్డి తీర్పు మొదటిసారి చదివాను. అది కోర్టు మీది బరువుతో మొదలవదు. ముగ్గురు పిల్లల పేర్లతో మొదలవుతుంది. వాళ్ళు బడికి వెళ్తారు. పొద్దున్నే అందరూ పాడుతుంటే గౌరవంగా నిలబడతారు, పాడరు.